దబ్బనంతో పెట్టిన సుడి

ఇది చదివేవాళ్ళలో నన్నెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. అందుకని ముందే ఒట్టు పెడుతున్నాను. తినే అన్నం మీద ఒట్టు, అందులో కలుపుకునే పండుమిరపకాయ పచ్చడి మీద ఒట్టు, దాని మీద వేసుకునే నెయ్యి మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. కాకపోతే ఈ ఏడు మా చేలో కాసిన కాయంతా ఎండేసరికి రంగుపోయి తెల్లటి తాలుకాయ అయిపోవాలి. మిరప రైతు ఇంతకంటే పెద్ద ఒట్టు పెట్టుకోలేడు.

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వదిన ఒక ఫోటో పెట్టింది. వదినంటే మా మేనత్త కూతురు. నాకంటే ఆరు నెలలు పెద్ద. ఆ ఆరు నెలల్నీ ఇప్పటికీ వదులుకోదు. మంగళగిరిలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఒక గోడ పొడుగునా అద్దాల బీరువా పెట్టించింది. దాన్నిండా జంతువుల బొమ్మలు. పిల్లలు ఆడుకునే నీలం ఏనుగులూ నవ్వే సింహాలూ కావు. నిజం జంతువుని పట్టుకుని ఎవరో మంత్రం వేసి అరచేతి మీద పట్టేంతగా కుదించినట్టుండే రకం. వేళ్ళతో ఫోటో సాగదీసి ఒక్కొక్కటే చూశాను. ఖడ్గమృగం చర్మం మీద ముడతలున్నాయి. ఒంటె మోకాలికి కాయ కాసి ఉంది. జిరాఫీకి కనురెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి.

నాకూ ఉంది అలాంటి సేకరణ. నా జిరాఫీకి రెప్పలే లేవు. ఎప్పుడూ కళ్ళు తెరుచుకునే ఉంటుంది.

"ఆ ఫోను కళ్ళల్లో పెట్టుకుంటారా ఏంటి?" అంది మా ఆవిడ.

"ఊరికే చూస్తున్నా."

"వదినగారివేనా? ఎంత ముద్దుగా సర్దుకుందో చూడండి. మీవేమో చీపురు తగిలితే పడిపోయేటట్టు కిటికీలో పెడతారు."

గ్రూపులో అప్పటికే ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు. నేనూ ఒక బొటనవేలు పంపించి, ఫోను బోర్లా పెట్టి, కాఫీ తాగకుండా లేచిపోయాను. యాభై దాటినవాడికి రాకూడని కుళ్ళు. కానీ అది కొత్తగా పుట్టింది కాదు. దానికీ నాకూ చిన్నప్పటి నుంచీ స్నేహం.

వదిన మా ఇంటికి రాకముందు జంతువుల విషయంలో మా వీధికి నేనే రాజుని. మా పత్తిచేలోంచి నల్లరేగడి మట్టి తెచ్చి, తడిపి, పిసికి, ఎద్దులూ పులులూ చేసేవాణ్ణి. నల్లరేగడి బొమ్మలకి పనికిరాదు. తడిగా ఉన్నంతసేపూ వెన్నలా ఉంటుంది, ఎండగానే చేలో నేల నెర్రెలిచ్చినట్టే బొమ్మా నెర్రెలిస్తుంది. సాయంత్రం నాలుగు కాళ్ళ మీద నిలబడిన సింహం పొద్దున్నే లేచి చూస్తే మూడు ముక్కలై ఉండేది. దానికీ నా దగ్గర కథ ఉండేది. "కనిగిరి కొండమీద కోటలో ఏనుగుతో కొట్లాడిందిరా. నేను కళ్ళారా చూశా" అని చెప్పేవాణ్ణి. నేను కనిగిరి ముఖం ఎరగను. వినేవాళ్ళూ ఎరగరు. మా అరుగు మీద పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళు.

ఆ ఏడు మిరపకోతల కాలంలో మా అత్త పురిటికి పుట్టింటికి వచ్చింది. కల్లాల నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఊళ్ళోకి అడుగుపెట్టిన బస్సు దగ్గేది, దిగినవాళ్ళు తుమ్మేవాళ్ళు, మా కాకులు కూడా అరిచే ముందు ఒకసారి తుమ్మేవి. మా అమ్మ రోట్లో పండుమిరపకాయలూ చింతపండూ దంచుతుంటే ఆ ఘాటుకి పక్కింటివాళ్ళకి ఆకలి వేసేది. అత్తతో పాటు వదిన వచ్చింది. రెండు జడలు, చంకలో పెద్ద బిస్కెట్ల రేకుడబ్బా.

"ఏముంది అందులో?" అన్నాను.

"ముందు వదినా అని పిలువు. చెబుతా."

"పిలవను."

"అయితే చెప్పను."

పిలిచాను. డబ్బా మూత తీసింది. లోపల పత్తి. పత్తిలోంచి ఒక్కో జంతువునే, పురిటి బిడ్డని తీసినట్టు తీసి అరుగు మీద నిలబెట్టింది. పులి, అడవిపంది, ఒంటె, ఖడ్గమృగం. గట్టి రబ్బరువి. పులి నోట్లో నాలుక మీద గరుకు కూడా తెలుస్తోంది. వాళ్ళ నాన్న, అంటే మా మామయ్య, చీమకుర్తి నుంచి గ్రానైటు బండలు లారీలో వేసుకుని మద్రాసు రేవుకి తోలేవాడు. రేవులో ఓడలవాళ్ళ దగ్గర వెళ్ళినప్పుడల్లా ఒక జంతువు కొని తెచ్చేవాడు. ఆ పులిని చూసి మా నాయనమ్మ కోళ్ళు గంప కిందకి దూరాయి. సాయంత్రం దాకా రాలేదు. ఒట్టు.

ఒక్క పూటలో నా రాజ్యం పోయింది. పిల్లలంతా ఆమె చుట్టూ చేరారు. ఆమెకి కథలంటే గిట్టదు. ఏ జంతువు ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎన్ని పిల్లల్ని కంటుంది, అన్నీ నిజాలే చెప్పేది. నేను ఊరుకోలేక, "ఇట్టాంటి పులే పోయినేడు మా మిరపచేలోకి వచ్చింది" అన్నాను.

"మిరపచేలోకి పులి ఎందుకొస్తుందిరా? బజ్జీలు వేసుకోడానికా?" అంది.

నా పిల్లలు, నా అరుగు మీద, నన్ను చూసి నవ్వారు.

తర్వాత నా మట్టిబొమ్మల దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఇది పందా?"

"ఏనుగు."

"తొండమేది?"

"రాలిపోయింది."

"పాపం" అంది. వెక్కిరించి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ పాపం మాత్రం నిజంగానే అంది. అది ఇప్పటికీ మంటే.

పదిరోజులకి మామయ్య వచ్చాడు. ఈసారి తెచ్చింది ఒంగోలు గిత్త. మన గిత్తల్ని ఎప్పుడో ఓడలెక్కించి అవతలి దేశాలకి తీసుకెళ్ళారనీ, అక్కడ వాటి సంతతి చూసి బొమ్మలు చేస్తారనీ చెప్పాడు. తెల్లటి ఒళ్ళు, ఒక పక్కకి ఒరిగిన మూపురం, మెడకింద మడతలు మడతలుగా గంగడోలు, తోక కుచ్చులో నలుపు. ఒంటి మీద వెంట్రుకల గీతలు కూడా సన్నగా తెలుస్తున్నాయి. పులినీ ఒంటెనీ చూసి ఊరుకున్న పెద్దవాళ్ళంతా గిత్త దగ్గరికి వచ్చేసరికి కండువాలు సర్దుకుని దగ్గరికి జరిగారు.

మా తాత ఎద్దుల పారఖీ. చుట్టుపక్కల ఎవరు ఎద్దుల్ని కొనాలన్నా ఆయన్ని బండెక్కించుకుని తీసుకెళ్ళేవాళ్ళు. నడక చూస్తాడు, పళ్ళు చూస్తాడు, అన్నిటికంటే ముందు సుడులు చూస్తాడు. ఎద్దు ఒంటి మీద వెంట్రుకలు ఎక్కడెక్కడ సుడి తిరిగాయన్నదాన్ని బట్టి అది ఇంటికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పేవాడు. గిట్టల ముద్ర చూసి ఆ ఎద్దు తల్లి ఏ ఊరిదో చెప్పగలడని నేను అందరికీ చెబుతుండేవాణ్ణి. ఆ రోజు ఆయన బొమ్మని అరచేతిలో పెట్టుకుని, శుక్లాలు కమ్మిన కళ్ళకి దగ్గరగా తెచ్చి, వేలితో వెన్నంతా నిమిరి, దాని నోరు తెరవబోయి, తెరుచుకోకపోయేసరికి ఊరుకున్నాడు.

"నాలుగు పళ్ళ మీద ఉంటుంది. జాతి గిత్త. సుడులు శుద్ధంగా ఉన్నాయి. అల్లుడు దీన్ని మాత్రం చూసి కొన్నాడు" అన్నాడు.

వదిన ముఖం చూడాలి అప్పుడు. మా తాత చేత ఆ మాట అనిపించుకోడానికి మోతుబరులు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు.

"ఒక్కసారి ఇవ్వవా వదినా" అన్నాను. అడక్కుండానే వదినా అనేశాను.

"చేతులు కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాను. నా వేళ్ళు వాసన చూసింది. "ఇంకా కారం కంపే. తెల్ల గిత్తరా, మరక పడుద్ది. రేపిస్తాలే."

ఆ రేపు రాలేదు. రోజూ కల్లంలోనే ఉండేవాణ్ణి, రోజూ చేతులు కారంగానే ఉండేవి. పక్కింటి బుడ్డోడికి ఇచ్చింది, కాయలు ఏరే ఆడవాళ్ళ చేతికి కూడా ఇచ్చింది, నాకివ్వలేదు. అన్నం తింటుంటే అదే, పడుకుంటే అదే. నాకు దొరకని గిత్త ఆమెకీ ఉండకూడదనిపించింది. ఉండకూడదంటే ఏం చేయాలో మా ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం అందరూ కల్లంలో కాయలు తిరగేస్తున్నారు. అత్తా వదినా గదిలో నిద్రపోతున్నారు. గోతాలు కుట్టే దబ్బనం తీసుకుని పొయ్యిలో నిప్పుల మీద కాల్చాను. డబ్బాలోంచి గిత్తని తీసి, మూపురానికి వెనక, వెన్నుకి కొంచెం పక్కగా, కాలిన మొన ఆనించి గుండ్రంగా తిప్పాను. చిన్న సుడి. రబ్బరు కాలిన కంపు ఒక్క క్షణం వచ్చి కారం ఘాటులో కలిసిపోయింది. ఆ చోట ఉన్న సుడిని మా తాత పాడెసుడి అనేవాడు. అది ఉన్న ఎద్దుని ఊరికే ఇచ్చినా తోలుకోరు. నా పని చూసుకుని నేనే మురిసిపోయాను. వెంట్రుకలు నిజంగానే అక్కడ తిరిగినట్టున్నాయి. నల్లరేగడితో నాకెప్పుడూ కుదరని నైపుణ్యం ఆ పూట కుళ్ళుతో కుదిరింది.

మర్నాడు కల్లంలో, చెట్టునీడన ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతుండగా, వదిన గిత్తని తీసుకొచ్చింది. తాత మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"తాతా, దాని వెన్నుమీద ఏందో ఉంది చూడు" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

తాత చేతిలోకి తీసుకున్నాడు. వేలు వెన్ను మీద జరిగింది, ఆగింది, వెనక్కి వచ్చింది. ముఖంలో రంగు మారింది. నాకప్పుడు భయం వేసింది. మొన్న లేని సుడి ఇవాళ ఎట్టా వచ్చిందని అడిగితే చచ్చానే అనుకున్నాను. అడగలేదు. ఎట్టా అడుగుతాడు? శుద్ధంగా ఉన్నాయని పదిమందిలో చెప్పినవాడాయనే. ఆడవాళ్ళు కాయలు వదిలేసి చూస్తున్నారు.

తాత గొంతు సవరించుకున్నాడు. "ఉంది. పాడెసుడి. నేను మొన్ననే చూశా. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని చెప్పలా."

నేను ఎవరి మనవణ్ణో నాకు ఆ క్షణంలో తెలిసింది.

"పాడెసుడి ఉంటే ఏమవుద్ది తాతయ్యా?" అంది వదిన.

"యజమానికి అచ్చిరాదమ్మా."

"యజమానంటే నేనేగా?"

"కొన్నవాడు యజమాని" అన్నాడు తాత, అలవాటు కొద్దీ. అనేశాక నాలుక్కరుచుకున్నాడు.

కొన్నవాడు మామయ్య. గిత్తనిచ్చి మళ్ళీ బండలేసుకుని మద్రాసు వెళ్ళాడు. రెండు రోజుల కిందటే తిరిగి రావాల్సినవాడు రాలేదు. ఏ కబురూ లేదు. అప్పట్లో లారీ తోలేవాడి జాడ తెలియాలంటే రోడ్డు మీద టీ బంకు దగ్గర మిగతా లారీల వాళ్ళని అడగడమే. వాళ్ళూ చూడలేదన్నారు. సుడి పెట్టేటప్పుడు నాకు ఆ గిత్తని బయట పడేస్తే చాలు, మామయ్య మాట నా బుర్రలోకే రాలేదు. వదిన ఏడవలేదు. గిత్తని రెండు చేతులతో పట్టుకుని, "నిజం ఎద్దుకి ఇట్టాంటిది ఉంటే ఏం చేస్తారు తాతయ్యా?" అని అడిగింది.

"దేవుడి పేరు చెప్పి వదిలేస్తారు. ఆంబోతైపోద్ది. అప్పట్నుంచి దానికి యజమానే ఉండడు. ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరు."

సాయంత్రం అత్త వాకిట్లో నిలబడి రోడ్డువైపు చూస్తూ ఉండిపోయింది. అన్నం సహించడం లేదంది. నాయనమ్మ, "వట్టిమనిషివి కాదే, రెండు ముద్దలన్నా తిను" అని బతిమాలుతోంది. నేను మాత్రం గోంగూరతో మూడుసార్లు కలుపుకుని తిన్నాను. రుచి మాత్రం తెలియలేదు.

పొద్దున్నే వదిన గిత్తకి నీళ్ళు పోసి, పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టింది. దాని మెడకి పలుపులా కట్టిన దారం విప్పేసింది. "నాతో రారా. చూసినవాళ్ళు ఒకరుండాలి" అంది. ఊరంతా ఉండగా నన్నే పిలిచింది. పత్తిచేను గట్టు దాకా నడిచాం. చివరి తీతకి మిగిలిన పత్తి చెట్లకి అక్కడక్కడా తెల్లగా వేలాడుతోంది. గిత్తని గట్టుమీద కొండవైపు తిప్పి నిలబెట్టింది.

"ఇక నువ్వు మా నాన్నది కాదు. నాదీ కాదు. ఎటన్నా పో" అంది. "నీకేం చెడు చేయలేదుగా మేము. మా నాన్నని వదిలెయ్."

అప్పుడు చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. నోరు తెరిచాను. కానీ కళ్ళు గిత్త మీదే ఉన్నాయి. పొద్దుటెండలో దాని నీడ గట్టుమీద పడితే నిజం ఎద్దు నీడంత పొడుగుంది. ఎవరిదీ కాని గిత్త. నోరు మూసుకున్నాను.

"వెనక్కి తిరిగి చూడకు" అంది. ఆమె చూడలేదు. నేను నాలుగుసార్లు చూశాను.

మధ్యాహ్నానికి అది నా నిక్కరు జేబులో ఉంది. పత్తి కొట్లో, మూలనున్న బోరెం సంచి అడుగున, పత్తిలో దాచిపెట్టాను.

సాయంత్రం లారీ హారను వినిపించింది. మామయ్యే. ఎక్కడో దారిలో ఇరుసు విరిగి, సామాను దొరక్క అక్కడే చిక్కుపడిపోయాడట. గడ్డం పెరిగింది, మిగతా అంతా బాగానే ఉన్నాడు. వదిన పరిగెత్తుకెళ్ళి ఆయన నడుముకి చుట్టుకుపోయింది. అప్పుడు ఏడ్చింది, అంతకుముందు ఆపుకున్నదంతా కలిపి. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి లాక్కెళ్ళింది. ఊరు సగం వెనకాలే వెళ్ళింది. గట్టు మీద ఏమీ లేదు.

"చూశావా నాన్నా! వెళ్ళిపోయింది. నిన్ను వదిలేసి వెళ్ళిపోయింది" అంది.

అందరూ దణ్ణం పెట్టారు. తాత కళ్ళు తుడుచుకుని, "ఈ పిల్లకున్న తెగువ మన మగాళ్ళకెవడికీ లేదురా" అన్నాడు. కాయలు ఏరే ఆడవాళ్ళు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి తెచ్చి ఆమె నోట్లో పెట్టారు. నాలుగు రోజులకి అత్తకి పండులాంటి మగపిల్లాడు పుట్టాడు. ఆ గొప్పా వదిన ఖాతాలోకే పోయింది. ఇంటికెవరొచ్చినా, "తండ్రిని వెనక్కి తెచ్చుకున్న పిల్ల ఈమేనా?" అని అడిగి చూసి వెళ్ళేవాళ్ళు.

నా దగ్గరేమో గిత్త ఉంది. కొట్లో తలుపేసుకుని, పత్తిలోంచి తీసి, కిటికీ వెలుగులో చూసుకునేవాణ్ణి. కారం చేతులతోనే పట్టుకునేవాణ్ణి. రెండు రోజులు బాగుంది. మూడో రోజుకి తెలిసింది, ఎవరికీ చూపించుకోలేని గిత్త రబ్బరు ముక్కతో సమానమని. బయట అరుగుమీద ఆమె ఆ కథే చెబుతోంది. కథలంటే గిట్టని మనిషి, నా అరుగు మీద కూర్చుని, నా పిల్లలకి, నేను పుట్టించిన కథ చెబుతోంది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆమె చిన్నకూతురి పెళ్ళిలో, పందిట్లో ఓ పక్కకి పిలిచి నిజం చెప్పేశాను. జేబులోంచి గిత్తని తీసి చేతిలో పెట్టాను. బొటనవేలితో ఆ సుడిని తడిమి చూసి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "దొంగ వెధవా, అడిగితే ఇచ్చేదాన్నిగదరా" అని పెళ్ళివాళ్ళందరి ముందూ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బతో నా కుళ్ళంతా దిగిపోయింది.

అన్నం మీద ఒట్టు పెట్టాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. మిగతాదంతా నిజమే గానీ, ఈ పెళ్ళిపందిరి ముక్క మాత్రం నేను కల్పించింది. చెప్పలేదు. ఇవ్వలేదు. ఆ పెళ్ళికి గిత్తని జేబులో పెట్టుకుని వెళ్ళిన మాట వాస్తవం. పక్కకి పిలిచిన మాటా వాస్తవం. నేను నోరు తెరిచేలోగా పెద్దకూతుళ్ళ పిల్లలు నలుగురు వచ్చి ఆమె చీర పట్టుకుని, "గిత్త కథ చెప్పు అమ్మమ్మా" అన్నారు. ఆమె అక్కడే కుర్చీ లాక్కుని మొదలుపెట్టింది. మామయ్య పక్కనే కూర్చుని, కూతురు చెబుతుంటే తలాడిస్తున్నాడు. "అది వెళ్ళిపోబట్టే ఈ ముసలోడు ఇంకా మీ ముందున్నాడర్రా" అన్నాడు. ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేసిన తీరు చూశాక జేబులోకి పోయిన నా చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొన్ని వేల అబద్ధాలు చెప్పాను. చెప్పినచోటే నవ్వి వదిలేశారు, ఒక్కటీ సాయంత్రం దాకా నిలవలేదు. నోటితో కాకుండా దబ్బనంతో చెప్పింది ఒకటే. అది ఇన్నేళ్ళు నిలిచింది, ఒక తండ్రీ కూతుళ్ళు దాన్ని పట్టుకుని బతికారు, మూడు తరాల పిల్లలు దాన్ని వింటూ నిద్రపోయారు. అది నాదేనని చెప్పుకోవాలంటే, వాళ్ళ నాన్నని ఆమె చేతిలోంచి మళ్ళీ లాగెయ్యాలి.

అందుకని కుళ్ళుకుంటూ ఊరుకున్నాను.